పంకా అంచున పసుపు పట్టీ: మేడ్చల్ ఆకాశం కింద మనం చదవాల్సిన చరిత్ర

 

మేడ్చల్, శామీర్‌పేట దిక్కు హాస్టళ్లలో ఉండి చదువుకునే మనకు విమానం కొత్త కాదు. పడమట దుండిగల్‌లో ఎయిర్ ఫోర్స్ అకాడమీ ఉన్నది. ఇటు కరీంనగర్ రోడ్డు మీద శామీర్‌పేటకు రాకముందే హకీంపేట ఎయిర్ ఫోర్స్ స్టేషన్ తగుల్తది. ఊరికి పోతే ఇంట్లో వాళ్ళు అడుగుతరు, "మీ కాలేజీ దగ్గర ఇమానాలు బాగా తిరుగుతయంట గదా" అని. తిరుగుతయి అని చెప్తం. అంతకు మించి చెప్పనీకి మన దగ్గర ఏమీ ఉండదు. ఆ చప్పుడు కిందనే నాలుగేండ్లు చదివి, ఆ యంత్రం గురించి ఒక్క ముక్క తెలియకుండా సర్టిఫికెట్లు తీసుకొని వెళ్ళిపోతున్నం.

ఈ పోస్టు ఎందుకు రాస్తున్నమో ముందు చెప్తం. పోయిన వానాకాలం మేము ఒక తప్పు చేసినం.

మేడ్చల్ దాటినంక ఒక కాలేజీలో ఎగరని పాత చిన్న విమానం ఒకటి ఉన్నది. పిల్లల ప్రాక్టికల్స్ కోసం తెచ్చి పెట్టింది. ఏదో ఫంక్షన్ ఉందని, ముందున్న పంకాకు, అంటే ప్రొపెల్లర్‌కు, రంగు పోయిన చోట కొంచెం మెరుగు పెట్టాలని మా నలుగురిని పిలిచిన్రు. మాలో ఇద్దరు సెలవుల్లో ఇండ్లకు సున్నాలు, రంగులు వేసే పనికి పోయేటోళ్ళు. అందుకే మాకేం భయం అనిపించలే. హార్డ్‌వేర్ షాపులో పసుపు ఎనామిల్ డబ్బా కొన్నం. రెండు రెక్కల చివర్లకు బ్రష్‌తో పట్టించినం. ఒక రెక్కకు రెండు కోట్లు పడ్డయి. రెండో దానికి డబ్బాలో మిగిలిందంతా పడ్డది. దూరం నుంచి చూస్తే మస్తు మెరిసింది.

సాయంత్రం ఒక పెద్దాయన వచ్చిండు. విమానాల మరమ్మతు పనిలోనే జీవితమంతా గడిపి రిటైర్ అయిన మనిషి. తిట్టలే. రెక్క అంచు మీద గోరుతో మెల్లగా గీసుకుంటూ పోయి ఒక దగ్గర ఆగిండు. "ఇక్కడ గీకండి తమ్మీ" అన్నడు. మేం వేసిన రంగు గీకితే కింద బియ్యపు గింజంత నొక్కు కనిపించింది. ఎప్పుడో రాయి తగిలి లోహం లేచిపోయిన చోటు. మేం దాన్ని చూడనే లేదు. నున్నగా కప్పేసినం.

"ఇది ఎగిరేది కాదు కాబట్టి సరిపోయింది. రంగు వేసుడు ఆఖరి పని. రంగు కింద ఏమున్నదో చూసుడు మొదటి పని" అన్నడాయన.

ఆ మాట మమ్మల్ని వదల్లే. ఆయన చెప్పింది, ఆ తర్వాత మేం చదువుకున్నది కలిపి ఇక్కడ పెడుతున్నం. ఇందులో యంత్రం సంగతి ఉన్నది, మన మేడ్చల్ చుట్టుపక్కల చరిత్ర ఉన్నది, మన తాతల చరిత్ర కూడా ఉన్నది.

పసుపు ఎందుకు, నలుపు ఎందుకు?

చాలా చిన్న విమానాల ప్రొపెల్లర్ చివర్లకు పసుపో, తెలుపో, ఎరుపో పట్టీలు ఉంటయి. అది అందం కోసం అనుకున్నం. కాదు. ఇంజన్ స్టార్ట్ అయినంక రెక్కలు కంటికి కనిపించవు. గాలిలో గాలిలా కలిసిపోతయి. కొసలకు రంగు ఉంటే తిరిగేటప్పుడు అది ఒక గుండ్రటి గీతలా కనపడుతది. "ఇక్కడి దాకా చావు ఉన్నది, దగ్గరకు రాకు" అని ఆ గీత చెప్తది. ప్రపంచంలో చాలా చోట్ల కింద పనిచేసే హెల్పర్లు, ప్రయాణికులు తిరుగుతున్న ప్రొపెల్లర్‌లోకి నడిచిపోయి ప్రాణాలు పోగొట్టుకున్నరు. అంటే ఆ పసుపు పట్టీ ముఖ్యంగా కింద నిలబడి పనిచేసే మనిషి కోసం. అదే రెక్కకు పైలట్ వైపు ఉండే ముఖానికి మెరుపు లేని నలుపు వేస్తరు. ఎండ దాని మీద పడి పైలట్ కండ్లలోకి కొట్టకుండా.

రంగుకు ఇంకో పని కూడా ఉన్నది. ఇప్పటి చిన్న విమానాల ప్రొపెల్లర్లు ఎక్కువగా అల్యూమినియం మిశ్రమంతో చేస్తరు. వాన, దుమ్ము, రన్‌వే మీది ఇసుక రెక్క అంచును కోస్తనే ఉంటయి. రంగు, దాని కింది పూత లోహాన్ని తుప్పు నుంచి కాపాడుతయి.

ఇక లెక్క చూడండి. ఫ్లయింగ్ స్కూళ్లలో ఎక్కువగా కనిపించే సెస్నా 172 ఎస్ విమానం ప్రొపెల్లర్ ఈ కొస నుంచి ఆ కొసకు 76 అంగుళాలు, అంటే సుమారు 1.93 మీటర్లు. నిమిషానికి 2,700 చుట్లు, అంటే సెకనుకు 45 చుట్లు తిరుగుతది. మన ఇంటర్ ఫిజిక్స్ సూత్రమే పెట్టి చూస్తే, కొస వేగం సెకనుకు దాదాపు 273 మీటర్లు వస్తది. గంటకు 980 కిలోమీటర్ల లెక్క. ఆ వేగంలో కొస దగ్గర ఒక్క గ్రాము రంగు ఎక్కువ పడితే, అది ఏడు కిలోలకు పైగా బరువు వేలాడదీసినట్టు రెక్కను బయటికి గుంజుతది. ఒక రెక్కకు రెండు కోట్లు, ఇంకో రెక్కకు డబ్బాలో మిగిలిందంతా వేసిన మా పని ఎట్లాంటిదో ఈ లెక్క చేసినంకనే అర్థమైంది. బరువు సమానంగా లేకపోతే ఇంజన్ వణుకుతది. వణుకుతూ తిరిగితే బోల్టులు, బేరింగులు, చివరికి రెక్కే దెబ్బ తింటయి.

నొక్కు సంగతి ఇంకా పెద్దది. కాగితం చింపేటప్పుడు ముందు అంచున చిన్న గాటు పెడితే అక్కడి నుంచే చినుగుతది గదా. లోహం కూడా అంతే. అంత గుంజుడు పడే రెక్కకు అంచున చిన్న నొక్కు ఉంటే, శక్తంతా అక్కడ చేరి వెంట్రుకంత పగులు మొదలైతది. తిరిగిన కొద్దీ పెరుగుతది. ఒకనాడు గాలిలో రెక్క ముక్క ఊడిపోవచ్చు. ఒక రెక్క ముక్క పోతే మిగిలినదాని వణుకుకు ఇంజనే చోటు నుంచి ఊడివచ్చే ప్రమాదం ఉన్నది.

కట్టె పంకా కాలం నుంచి దుండిగల్ దాకా

1903లో రైట్ సోదరులు ఎగరేసిన విమానం ప్రొపెల్లర్లు కట్టెవి. స్ప్రూస్ చెట్టు చెక్కలను అతికించి, చేతితో చెక్కి చేసినవి. కొసలు చీలిపోకుండా గుడ్డ అంటించిన్రు. అంటే ప్రొపెల్లర్ పుట్టిననాడే దాని కొసను కాపాడే పని కూడా పుట్టింది.

మన హైదరాబాద్‌లో విమానాల కథ బేగంపేటలో మొదలైంది. 1930ల నాటికే అక్కడ ఏరో క్లబ్బు ఉన్నది. రెండో ప్రపంచ యుద్ధం కాలంలో బేగంపేటలో కొత్త పైలట్లకు మొదటి పాఠాలు నేర్పే శిక్షణ స్కూల్ నడిచింది. నేర్పింది టైగర్ మాత్ అనే రెండు అంతస్తుల రెక్కల చిన్న విమానం మీద. దాని పంకా కూడా కట్టెదే. సెల్ఫ్ స్టార్ట్ లేదు. కింద ఒక మనిషి నిలబడి పంకాను రెండు చేతులతో గుంజి తిప్పి, వెంటనే వెనక్కు జరగాలె. జరగకపోతే అంతే సంగతి. కట్టె పంకాకు వార్నిష్ లేచిపోతే వాన నీరు లోపలికి గుంజుకుంటది. నిలువుగా ఆపి పెడితే తేమ కింది రెక్కలోకి దిగి అది బరువెక్కుతది. అందుకే కట్టె పంకాను అడ్డంగా నిలిపి పెట్టాలనేది ఒక నియమం. ఇట్లాంటి పనులన్నీ చేసిన చేతులు ఎవరివో పుస్తకాల్లో దొరకవు. పైలట్ల పేర్లు దొరుకుతయి.

1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టిన్రు. ప్రేమ్ మాథుర్ అనే ఆమె పైలట్ లైసెన్స్ చేతిలో పెట్టుకొని ఎనిమిది కంపెనీల చుట్టూ తిరిగితే, ఆడమనిషి అని ఎవరూ ఉద్యోగం ఇయ్యలే. ఇచ్చింది మన హైదరాబాద్ డెక్కన్ ఎయిర్‌వేస్. దేశంలో వాణిజ్య విమానం నడిపిన మొదటి మహిళగా ఆమె పేరు చెప్తరు. 1953లో విమాన కంపెనీలన్నీ జాతీయం చేసినప్పుడు డెక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. అంతకు ముందే, 1951లో, మన దేశంలోనే గీసి, మన దేశంలోనే చేసిన హెచ్‌టీ-2 శిక్షణ విమానం బెంగళూరులో ఎగిరింది. దాన్ని డిజైన్ చేసిన బృందానికి పెద్ద వి.ఎం. ఘాట్గే.

మన పక్కన దుండిగల్‌లో అకాడమీకి 1967 అక్టోబర్ 11న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ పునాదిరాయి వేసిన్రు. 1971లో అకాడమీ మొదలైంది. తర్వాతి తరం పైలట్లు హెచ్‌పీటీ-32 దీపక్ అనే ప్రొపెల్లర్ విమానం మీద మొదటి పాఠాలు నేర్చుకున్నరు. దాని చరిత్రలో ప్రమాదాలు ఎక్కువ. 2009 జులైలో ఇద్దరు శిక్షకులు చనిపోయినంక దాన్ని నిలిపేసిన్రు. 2013 మే 31న దుండిగల్‌లోనే స్విట్జర్లాండ్ నుంచి తెచ్చిన పిలాటస్ పీసీ-7 మార్క్ 2ను వాయుసేనలో చేర్చుకున్నరు. నాలుగు రెక్కల పంకా ఉన్న విమానం అదే. 2023 డిసెంబర్ 4న అట్లాంటి పిలాటస్ ఒకటి మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర కూలి శిక్షకుడు, నేర్చుకునే పిల్లవాడు ఇద్దరూ చనిపోయిన్రు. ఆ పిల్లవాడు మన వయసువాడే.

ఈ ప్రమాదాలకు ప్రొపెల్లర్ రంగు కారణం అని మేము అనడం లేదు. కారణాలు తేల్చేది నిపుణులు. మేము చెప్పేది ఒక్కటే. ఆ విమానం ఎక్కే పిల్లవాడి ప్రాణం, ఎక్కక ముందు కింద నిలబడి దాన్ని చూసిన మనిషి కండ్ల మీద కూడా ఆధారపడి ఉంటది.

అసలు రంగు మెరుగు పెట్టే తీరు

పెద్దాయన మాకు వరుసగా చెప్పిండు. ఇది చదివి ఎవరూ ఎగిరే విమానం మీద చెయ్యి పెట్టొద్దు. పని తెలియడానికి మాత్రమే రాస్తున్నం.

మొదట స్విచ్ చూడాలె. చిన్న విమానాల ఇంజన్లలో మ్యాగ్నెటో ఉంటది. బ్యాటరీ లేకున్నా తనంత తాను నిప్పురవ్వ పుట్టిస్తది. తాళం తీసి జేబులో పెట్టుకున్నా, ఎక్కడో ఒక వైరు తెగి ఉంటే, పంకాను చేతితో కొంచెం తిప్పంగనే ఇంజన్ అందుకోవచ్చు. అందుకే పనిచేసేవాళ్ళు పంకాను ఎప్పుడూ ప్రాణం ఉన్నదాని లెక్కనే చూస్తరు.

రెండోది, కడిగి, ఆరబెట్టి, మంచి వెలుతురులో అంచు పొడుగునా కండ్లతో, గోరుతో చూడాలె. నొక్కు ఉంటే అది తయారీదారు పుస్తకంలో ఇచ్చిన కొలత లోపల ఉన్నదా అని చూడాలె. ఉంటే లైసెన్స్ ఉన్న మనిషి సన్నని ఆకురాయితో దాన్ని మెల్లగా వాలుగా అరగదీసి, గరుకు కాగితంతో నున్నగా చేసి, పగులు లేదని తేల్చుకుంటడు. కొలత దాటితే పంకా విప్పి వర్క్‌షాప్‌కు పంపాల్సిందే.

మూడోది, బయటపడ్డ లోహానికి తుప్పు పట్టకుండా రసాయన పూత, దాని మీద ప్రైమర్, ఆ తర్వాతనే రంగు. ఏ కంపెనీ రంగు వాడాలో కూడా పుస్తకంలో ఉంటది. హార్డ్‌వేర్ షాపు ఎనామిల్ అందులో ఉండదు. టేప్ పెట్టి కొలిచి, పల్చగా, అన్ని రెక్కలకు ఒకే లెక్కన వెయ్యాలె. రంగు కారి కొసకు చేరకుండా రెక్కలను అడ్డంగా నిలపాలె. తర్వాత బ్యాలెన్స్ సరిగ్గా ఉన్నదా లేదా చూడాలె.

ఆఖరిది లాగ్‌బుక్. ఏ తేదీన, ఏ రెక్కకు, ఏం చేసిన్రో రాసి, లైసెన్స్ ఉన్న ఇంజనీర్ కింద సంతకం పెట్టాలె. ఆ సంతకం లేకుండా విమానం ఎగరదు. పైలట్ ఎంత పెద్దవాడైనా సరే.

ఇది వింటుంటే మాలో ఒక తమ్ముడికి ఎద్దుల కొమ్ములు గుర్తొచ్చినయి. ఏరువాక పున్నమికి, ఆదిలాబాద్ దిక్కు పొలాల పండుగకు, ఎద్దు కొమ్ములకు రంగు వేస్తం గదా. తాత ఏం చేస్తడు? ముందు ఎద్దును కడుగుతడు. కొమ్ము గీకుతడు. పగిలిందా, పుండు పడ్డదా అని చేత్తో తడిమి చూస్తడు. రంగు ఆ తర్వాతనే. మన ఇంట్లో తాత చేసే పనే ఇది. యంత్రం మారింది అంతే.

లదేణి పోయిన కథ

ఇప్పుడు అసలు మాట. మనలో లంబాడా పిల్లలకు లదేణి అనే మాట తెలుసు. వేల ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకొని దేశమంతా తిరిగిన వ్యాపారం అది. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచ్ వ్యాపారి టావెర్నియర్ పది, పన్నెండు వేల ఎద్దులు ఒకే బిడారుగా పోవడం గురించి రాసిండు. మొగల్ సైన్యాలకైనా, తర్వాత ఇంగ్లీషు సైన్యాలకైనా తిండి చేరింది మన వాళ్ళ ఎద్దుల మీదనే. ఆ కాలపు రవాణా అంతా మన చేతుల్లో ఉండె. ఎద్దుకు ఏ జబ్బు వచ్చింది, ఏ దారిలో నీళ్ళున్నయి, ఎంత బరువు వెయ్యొచ్చు అన్నీ మనకు తెలుసు.

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. 1900 ప్రాంతంలో మన మేడ్చల్ మీదుగా మన్మాడ్ దాకా లైను పడ్డది. రైలు వస్తే ఎద్దుల బిడారుకు పని లేకుండా పోయింది. రైలును ఆపాలె అని మేము అనము. బాధ ఏందంటే, రవాణాలో అంత తెలివి ఉన్న మనిషిని కొత్త యంత్రం దగ్గరికి ఎవరూ పిలవలే. ఎవరూ నేర్పలే. మన వాళ్ళు అడవి అంచులకు, బీడు భూములకు పోయి తాండాలు కట్టుకున్నరు. కోయ, గోండు, చెంచు, ఎరుకల అన్నదమ్ముల కథలు వేరే. కానీ కొత్త పని వచ్చిన ప్రతిసారి మనకు దొరికింది మట్టి మోసే చోటే. ఇది మాత్రం అందరికీ తెలిసిన కథ.

ఇప్పుడు మన నెత్తి మీద ఇంకో రవాణా నడుస్తున్నది. మళ్ళీ అదే జరుగుతదా అనేదే మా భయం. మా చేతికి బ్రష్ ఇచ్చిన్రు. పుస్తకం ఇయ్యలే. మేము కూడా అడగలే. అది మా తప్పు.

బ్రష్ నుంచి సంతకం దాకా

విమానం అనంగనే మనకు పైలట్ ఒక్కడే కనిపిస్తడు. పైలట్ కావాలి, తప్పకుండా కావాలి. 2019లో మన పక్క ఒడిశాలోని మల్కన్‌గిరి నుంచి అనుప్రియ లక్రా అనే ఆదివాసీ అమ్మాయి పైలట్ అయినప్పుడు మనమందరం సంబరపడ్డం. కానీ ఆ చదువుకు అయ్యే ఖర్చు మన ఇండ్లల్లో మాట్లాడుకునేంత చిన్నది కాదు.

మరమ్మతు దారి కూడా ఉన్నది. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ చదివినోళ్ళు విమాన మరమ్మతు ఇంజనీర్, అంటే ఏఎంఈ, శిక్షణకు పోవచ్చు. పరీక్షలు పెట్టేది, లైసెన్స్ ఇచ్చేది కేంద్రంలోని డీజీసీఏ. శంషాబాద్‌లో పెద్ద విమానాలకు మరమ్మతు చేసే కేంద్రాలు ఉన్నయి. ఒక్క జాగ్రత్త. చేరే ముందు ఆ సంస్థకు డీజీసీఏ అనుమతి ఉన్నదా అని డీజీసీఏ సొంత జాబితాలోనే చూడండి. ఏజెంట్ మాట, బ్రోచర్ మీది బొమ్మ నమ్మొద్దు. ఫీజు లక్షల్లో ఉంటది కాబట్టి స్కాలర్‌షిప్ సంగతి ముందే గిరిజన సంక్షేమ శాఖ ఆఫీసులో అడిగి, రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఆ రోజు సాయంత్రం మేము రెండు రెక్కలూ గీకినం. థిన్నర్‌తో కడిగినం. పెద్దాయన పక్కన నిలబడి నొక్కును ఆకురాయితో ఎట్లా వాలుగా తీయాలో చూపించిండు. చీకటి పడ్డది. ఫంక్షన్ నాడు పంకా పసుపు లేకుండా, బోసిగానే నిలబడ్డది. వచ్చినోళ్ళలో కొందరు అడిగిన్రు, రంగు వెయ్యలేదా అని. వెయ్యలేదు, కింద ఏమున్నదో ఇంకా చూస్తున్నం అని చెప్పినం.

ఒక విన్నపం. మీ తాతలో, మేనమామలో, ఊరి పెద్దలో బేగంపేటలో గాని, హకీంపేటలో గాని, దుండిగల్‌లో గాని రన్‌వే పనికో, హ్యాంగర్ పనికో, రంగు పనికో పోయి ఉంటే, వాళ్ళ దగ్గర కూసొని అడగండి. ఏ ఏడు పోయిన్రు, ఏం పని చేసిన్రు, కూలి ఎంత ఇచ్చిన్రు, ఏం చూసిన్రు. వాళ్ళ మాటల్లోనే రాసి పెట్టుకోండి. పైలట్ల పేర్లు పుస్తకాల్లో ఉన్నయి. పంకా పట్టుకున్న చేతుల పేర్లు మన ఇండ్లల్లోనే ఉన్నయి. ఆ ముసలోళ్ళు ఉండంగనే అడగాలె.

జోహార్.